వెనక్కి నడిచే జట్టు

మైదానం పక్కన రేకుల షెడ్డు. లోపల తాడు లాగుడు క్లబ్బు కెప్టెను, అతని మరదలు. అయిదు దాటింది.

"తలుపు తియ్యకు బావా. ముందు నేను చెప్పేది విను."

"వినేదేమిటే? షెడ్డు చుట్టూ జనం. ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. వచ్చారు. నీకోసమే వచ్చారు."

"నాకోసం ఇంతమంది ఎందుకొస్తారు? నా పెళ్ళికే ఇంతమంది రాలేదు."

"నీ పెళ్ళికి పేజీ లేదుగా. మూడు నెలల కిందట క్లబ్బుని ఆన్‌లైన్లో పెట్టే పని నా చేతికిచ్చినప్పుడు ఏమన్నావు? స్టూడియోలో పెళ్ళి వీడియోలు అతికించుకునే పిల్లవి, నీవల్ల ఏమవుతుంది అన్నావా లేదా?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. నేనేమడిగాను? లక్షమందిని అడిగానా? ఒక్క మనిషిని అడిగాను. జట్టుకి ఎనిమిదోవాణ్ణి. ఆరింటికి మైదానం మేనేజరు వస్తాడు. ఎనిమిదిమందిని చూపించకపోతే తాళం చెవి తీసుకుపోయి ఈ షెడ్డు స్కేటింగు వాళ్ళకిచ్చేస్తాడు. ఏడి ఎనిమిదోవాడు?"

"ఏరుకో. గేటు దాకా ఉన్నారు."

"అందరూనా?"

"అందరూ. బుట్టలో కూరగాయలు ఏరుకున్నట్టు ఏరుకో."

"ఉండు, కూర్చోనీ. తాడు కొస నడుముకి చుట్టుకుని నిలబడే మన లంగరు వెళ్ళిపోయాక రెండేళ్ళు ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది. ఒక్కడు రాలేదు. ఇప్పుడు గేటు దాకానా?"

"లంగరన్న వెళ్ళిపోలేదు బావా. పందెం ఓడిపోయారని నువ్వు మాట్లాడ్డం మానేశావు, ఆయన రావడం మానేశాడు."

"ఆ సంగతి ఇప్పుడెందుకు? మనవాళ్ళు ఆరుగురూ ఎక్కడ?"

"బయటే. ఫొటోలు దిగుతున్నారు."

"ఎవరితో?"

"ఎవరు అడిగితే వాళ్ళతో."

"వాడెవడే, కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాడు?"

"నువ్వూ ఊపు. నవ్వు."

"నవ్వితే పన్ను విరిగింది కనిపిస్తుంది."

"కనిపించనీ. ఆ పన్నుకి కూడా అభిమానులున్నారు."

"కెప్టెన్ గారూ, నమస్కారం. ఒక్క నిమిషమండి. బీమా ఏజెంటునండి. మీ వీడియో చూడకుండా నేను పడుకోనండి. మా ఆవిడ కూడానండి."

"సంతోషమండి."

"ఈ ఏడాది నా దగ్గర ఒక్కడూ పాలసీ తీసుకోలేదండి. ఆఫీసుకి వెళ్ళాలంటే కాళ్ళు రావు. అయినా మిమ్మల్ని చూశాక హాయిగా నిద్ర పడుతోంది."

"అలాగా. ఎంత బరువుంటారు?"

"తొంభై అండి. మా ఆవిడ తొంభై నాలుగంటుంది."

"తొంభై నాలుగు. విన్నావే? తొంభై నాలుగట. చెప్పులు విప్పి లోపలికి రండి."

"ఒక్క సందేహమండి. గంతులు ముందే వెయ్యాలా, మీరు వేసినట్టు?"

"ఏ గంతులు?"

"బావా, కిటికీ వేసేస్తున్నా. దుమ్మొస్తోంది. అయ్యా, మీరు వరసలో ఉండండి, మేం పిలుస్తాం."

"ఏ గంతులే?"

"ఏవో గంతులు. అభిమానులు కదా, ఏదో ఒకటంటారు. నీళ్ళు తాగుతావా?"

"ఆ ఎర్రచొక్కా ఆవిడ అట్టముక్క పట్టుకుని నిలబడింది. ఏం రాసుంది దాని మీద? నా కళ్ళజోడేది?"

"ఇంట్లో మర్చిపోయుంటావు."

"నెత్తి మీదే ఉంది. జరుగు. ఓ... డి... పో... దాం... రం... డి. ఓడిపోదాం రండి? ఏమిటే అది?"

"అదా? అదొక స్లోగను."

"ఎవరిది?"

"మనదే."

"ఫోనివ్వు."

"చార్జింగు లేదు."

"వెలుగుతోంది."

"వెలుగుతోంది, కానీ చార్జింగు లేదు."

"ఇవ్వవే. ఇన్నాళ్ళూ నా ఫోన్లో రాదు కదా అని ఊరుకున్నా. ఎక్కడ నొక్కాలి? ఇదా? ఆ... ఇది పాల డిపో వాళ్ళ మీద నెగ్గిన పందెం కదా. పాపం మనకోసం ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టి, ఏడుగురే లాగారు. మరి... మరి మేమెందుకే ముందుకు ఈడ్చుకుపోతున్నాం?"

"ఈడ్చుకుపోవడమేమిటి బావా, దూసుకెళ్తున్నారు."

"దూసుకెళ్ళడమేమిటే?"

"అరవనంటే చెప్తా."

"అరవను."

"అప్పుడే అరుస్తున్నావు. చూడు, నువ్విచ్చిన వీడియోలో మీ ఏడుగురూ మొహాలు ఎర్రగా చేసుకుని వెనక్కి వెనక్కి పోతున్నారు. నాకు కడుపు తరుక్కుపోయింది. మా బావ ఇలా వెనకడుగు వేస్తుంటే లోకమంతా చూడాలా అనిపించింది. పరువు దక్కిద్దామని తిరగేశాను."

"దేన్ని?"

"వీడియోని. చివర్నుంచి మొదటికి. అప్పుడు చక్కగా అందరూ ముందుకొచ్చారు."

"ఒసేయ్. తాడు లాగుడులో వెనక్కి పోయినవాడే నెగ్గేది."

"అవునా?"

"అవునా ఏమిటి? అవతలివాణ్ణి మనవైపు లాగాలంటే వెనక్కి కాక ఎటు పోతాం, గాల్లోకా?"

"మూడు నెలల్నుంచి ఒక్కరూ నాకు చెప్పలేదు."

"చెప్పడానికేముందే అందులో? నీళ్ళు తడిగా ఉంటాయని నీకెవరైనా చెప్పారా? అవతలి జట్టేది ఇందులో? వాళ్ళు కనిపిస్తే జనానికి అర్థమయ్యేది కదా."

"కత్తిరించేశా. వాళ్ళకి ఉచితంగా ప్రచారం ఎందుకని."

"మంచిపని చేశావు. మరి నెగ్గాక గంతులేశాం కదా. అవి?"

"అవి... మొదట్లోకి వచ్చాయి."

"అంటే?"

"ముందు అందరూ గంతులేస్తారు. కౌగిలించుకుంటారు. టెంపో డ్రైవరు నిన్ను ఎత్తుకుంటాడు, నిన్ను దింపుతాడు. తరవాత అందరూ బుద్ధిగా తాడు పట్టుకుంటారు. తరవాత... ముందుకొస్తారు."

"ముందు సంబరం చేసుకుని, తరవాత ఓడిపోతాం."

"జనానికి అదే నచ్చింది బావా. నేల మీద పడున్న నీ తువ్వాలు దానంతటదే లేచి భుజమ్మీదికొస్తుంది చూడు, దాన్ని కూడా మెచ్చుకున్నారు. అది నీ స్టైలట."

"వాన రోజు నిజంగానే ఓడిపోయాం. అదీ తిరగేశావా?"

"లేదు. అందులో ముందుకే వస్తున్నారుగా. నెగ్గారనుకుని ఉన్నదున్నట్టు పెట్టా."

"చివర్లో బురదలో కూలబడి ఏడ్చాను నేను."

"కింద ఆనందబాష్పాలు అని రాశా."

"అంటే నెగ్గిందీ ఓటమే, ఓడిందీ ఓటమే. ఆ పేజీలో మనం ఒక్కసారి కూడా నెగ్గలేదన్నమాట."

"లెక్కప్రకారం అంతే. నాకూ ఇప్పుడే తెలిసింది."

"నవ్వుతున్నావా?"

"లేదు."

"భుజాలు కదుల్తున్నాయి."

"దగ్గు."

"మనవాళ్ళు ఒక్కడూ చూడలేదా?"

"చూడకపోవడమేం. టెంపో డ్రైవరు రోజూ చూస్తాడు, పదిమందికి చూపిస్తాడు."

"మరి చెప్పలేదేం వెధవ?"

"నీకు చెప్పే ధైర్యం ఎవడికుంది? పైగా బజార్లో అతన్ని గుర్తుపట్టి టీ ఇప్పిస్తున్నారు. ఎవరు వదులుకుంటారు?"

"అందుకా ఈమధ్య జేబులో దువ్వెన పెట్టుకుని ప్రాక్టీసుకొస్తున్నాడు. నేనింకా పెళ్ళి సంబంధం కుదిరిందేమో అనుకున్నా."

"బావా, నువ్వూ నవ్వావు ఇప్పుడు."

"నవ్వలేదు. నవ్వొచ్చే పనా నువ్వు చేసింది? చూడు పిల్లా. బడి ఎగ్గొట్టి వెల్డింగు షాపులో పడ్డాను. అక్కడ ఓనరు మీద నెగ్గలేదు. ఇంట్లో మీ అక్క మీద నెగ్గలేదు. చదువుకున్నవాళ్ళు నలుగురు కూర్చున్న చోట నోరు తెరిచి నెగ్గలేదు. ఈ బతుకులో నేను నెగ్గింది ఒక్క ఈ తాడు దగ్గర. దాన్ని పట్టుకెళ్ళి తిరగేసి లోకానికి చూపించావు."

"తప్పయింది బావా."

"కిటికీ తియ్యి. నిజం చెప్పి పంపించేస్తా."

"పంపించేస్తే ఎనిమిదోవాడు లేడు. షెడ్డు పోతుంది. ఆరు కావస్తోంది."

"పోతే పోనీ. ఓడిపోవడానికి వచ్చినవాడి చేతికి నా తాడివ్వను."

"బావా, మేనేజరుకి చూపించడానికి... ఆ తొంభై నాలుగాయన్నన్నా ఉండనివ్వు."

"జరుగు. అయ్యా బీమా గారూ, ఇటు వినండి. మీరు చూసిన వీడియోలు తిరగేసినవి. మా మరదలికి ఆట తెలీక తిరగేసింది. ఒక్క వాన రోజుది తప్ప ఆ పందేలన్నీ మేం నెగ్గాం. మేం ఓడిపోయేవాళ్ళం కాదు. దయచేసి ఇళ్ళకి వెళ్ళండి."

"వెనకున్నవాళ్ళూ, విన్నారా? కెప్టెన్ గారు అన్నీ నెగ్గారట. వీడియోలోకంటే ఎదురుగా ఇంకా సరదా మనిషండీ ఈయన."

"సరదా కాదండీ. నిజం."

"అలాగే సార్, అలాగే. నేనూ ఆఫీసులో అలాగే చెప్తుంటాను."

"ఏమిటే చప్పట్లు కొడుతున్నారు?"

"నీ మాటకి, బావా. ఎవరో వీడియో కూడా తీశారు. ఇది రేపటికి ఎక్కడికో పోతుంది."

"మూసెయ్యి. కిటికీ మూసెయ్యి తల్లీ, నీకు దణ్ణం పెడతా. వీళ్ళు నన్ను నెగ్గనివ్వరు."

"వెనక తలుపెవరో కొడుతున్నారు."

"మేనేజరే అయ్యుంటాడు. తాళం చెవి తీసిపెట్టు."

"ఒరేయ్ వెల్డరూ. తలుపు తియ్యరా."

"బావా, ఎవరది? మేనేజరు నిన్ను ఒరేయ్ అనడుగా."

"లంగరు."

"లంగరన్నేనా? ఇప్పుడా? తియ్యమంటావా?"

"తియ్యి. ఉండు. తువ్వాలిటివ్వు. ఆ, తియ్యి."

"ఏరా వెల్డరూ. జుట్టు పోయిందే."

"నీకు పొట్ట వచ్చింది. కూర్చో. కాదు, కూర్చోకు. ముందొక మాట విను. ఆ వీడియోలు చూసి వచ్చుంటావు. వీడు ఓడిపోయి కూడా నవ్వుతున్నాడు, మనిషి మారాడు అనుకుని వచ్చుంటావు. నేనేం మారలేదు. అవి నెగ్గినవి. ఈ పిల్ల తిరగేసింది. ఓడిపోతే ఇప్పటికీ ఇంట్లో అన్నం ముట్టను. పక్కవాడి మొహం చూడను. అదీ సంగతి. తెలిశాక పోవాలనిపిస్తే తలుపు తీసే ఉంది."

"అయిందా?"

"అయింది."

"నువ్వు ఓడిపోయి నవ్వడమా? నిన్ను నేనెరగనా. మొదటి వీడియో అరనిమిషం చూశాను. మడమలు మట్టిలోకి దిగే బదులు మట్టిలోంచి పైకి వస్తున్నాయి. అన్నేళ్ళు నీ వెనక నిలబడి నీ మడమలే చూశాను కదరా, ఆమాత్రం తెలీదా?"

"తెలిసీ ఒక్క ముక్క చెప్పలేదా?"

"ఎట్లా చెప్పను, నువ్వు మాట్లాడవుగా. అందుకే కింద రాశా."

"ఏం రాశారు లంగరన్నా?"

"అదేనమ్మా. ఓడిపోతూ ఇంత సంబరపడే జట్టుని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు, అని."

"ఆ మొదటి కామెంటా? కొస మనిషి అనే పేరుతో... అది మీరా? ఆ మాట పట్టుకునే కదా అందరూ మొదలెట్టారు. నేను స్లోగను చేసింది కూడా ఆ మాటనే."

"వీణ్ణి ఉడికిద్దామని రాశానమ్మా. చదివి, ఒళ్ళు మండి, నన్ను తిట్టడానికైనా ఇంటికొస్తాడనుకున్నా. వీడు రాలేదు. ఊళ్ళో జనమంతా వచ్చి అవునవునన్నారు. ఇవాళ షెడ్డు పోతుందని నువ్వు పేజీలో పెట్టావు చూడు, ఇక లాభం లేదని నేనే లేచొచ్చా."

"ఒరేయ్."

"తిట్టు. నీ నోటి వెంట తిట్టు విని రెండేళ్ళయింది."

"ఒరేయ్... ఒరేయ్ లంగరూ..."

"బావా, ఏడుస్తున్నావా?"

"ఆనందబాష్పాలు. కింద రాసుకో."

"మేనేజరు స్కూటరు ఆగింది. గేటు దగ్గర జనాన్ని చూసి దిగడానికి భయపడుతున్నాడు."

"దిగమను. తాళం చెవి మాట మర్చిపోయి వెనక్కి పొమ్మను. లంగరు కొస పడతాడు, మనం ఎనిమిదిమందిమి. టెంపోవాడి చేతిలో దువ్వెన లాక్కుని, ఆరుగుర్నీ లోపలికి తోలు."

"మరి బయట వాళ్ళంతా? పంపించెయ్యనా?"

"పంపించడమేమిటే, అంత దూరం నుంచి వస్తే. తాడు ఆ రెండో కొస పట్టుకోమను."

"ఎంతమందిని?"

"అందర్నీ."

"మీ ఎనిమిదిమంది మీద అంతమందా? వాళ్ళలో తొంభై నాలుగాయన ఉన్నాడు బావా. మిమ్మల్ని గేటు దాకా ఈడ్చుకుపోతారు."

"తెలుసు. ఈసారి తిరగెయ్యక్కర్లేదు, ఉన్నదున్నట్టు తియ్యి. ఏరా లంగరూ, చెప్పులు విప్పావా?"

"విప్పాను. తాడు పట్టుకోనా?"

"ఆగు. గంతులు ముందు."