వెనక ఎడమ కాలు కింద అట్టముక్క

"టైమెంతయింది? అయిదుంబావేగా! ఆరింటి దాకా మన అరుగు మనదే, ఈలోపు ఎవడూ మూయలేడు. చివరి మురిపెం ఎవరిది రాయాలా అని మీరింతసేపు తర్జనభర్జన పడుతుంటే నాకు నవ్వొస్తోంది. అందులో ఆలోచించేదేముంది? ఫ్రిజ్ సంగతి రాసేయండి. ఏమంటావు దర్జీ?"

"నేనేమంటాను మామా. ఫ్రిజ్ నాదే కదా. కాకపోతే అసలు..."

"ఆగు. అసలూ లేదు, వడ్డీ లేదు. నేను చెప్తాగా."

టీ కొట్టు వెనక గదిలో మూడు బల్లలు కలిపేసి కూర్చున్నాం. పదకొండేళ్లుగా ఒకే పేజీలో రోజూ రాసుకుంటున్నవాళ్లం, ఒకరి మొహం ఒకరు చూడటం ఇదే మొదటిసారి. ఆ పేజీ నడిపే కంపెనీ ఇవాళ సాయంత్రం ఆరింటికి మూసేస్తానంది కాబట్టి, మూసేలోగా ఒక్కసారైనా కలుద్దామని వచ్చాం. టికెట్ కౌంటర్లో ఉద్యోగం కదా, నా వేళ్లు వేగమని చెప్పి ల్యాప్‌టాప్ నా ముందు పెట్టారు. లైబ్రరీ అమ్మాయి వాళ్ల నాన్నని కూడా వెంటబెట్టుకొచ్చింది. అమ్మాయంటే నలభై దాటిన మనిషే, కానీ మాలో ఆమె పేరు అదే. మిక్సీలూ ఫ్యాన్లూ ఫ్రిజ్‌లూ బాగుచేసే మెకానిక్ మామకి కొత్త మనిషి దొరికాడు. ఇంకేముంది, కుర్చీ ఆయన వైపు తిప్పుకున్నాడు.

"బాబాయి గారూ, వీళ్లందరికీ ఇది కంఠతా వచ్చు, మీకోసం చెప్తున్నా. మా అరుగంటే సిమెంటు అరుగు కాదు, ఫోన్లో ఒక పేజీ. పొద్దున్నే ఒక గొణుగుడు రాసుకోవచ్చు. ఒక్కటే! పైఇంటివాళ్లు తెల్లారకముందే కుర్చీలు ఈడుస్తున్నారనో, కొత్త గొడుగు బస్సులో మర్చిపోయాననో, ఆఫీసులో నా కప్పులో ఎవడో పెన్నులు పెట్టుకున్నాడనో. కానీ గొణిగినవాడు పడుకునేలోగా ఒక మురిపెం కూడా రాసి తీరాలి. రాయకపోతే మర్నాడు గొణిగే హక్కు పోయినట్టే. పెద్ద పెద్ద మురిపాలు అక్కర్లేదండీ. అరిగిపోయిన సబ్బుముక్క కొత్త సబ్బుకి చక్కగా అతుక్కుంది, చాలు. పరిగెడుతుంటే చూసి బస్సు ఆపాడు, చాలు. ఇంకో నియమం ఉంది, అసలు ప్రాణం దాంట్లోనే ఉంది. ఎవరి మురిపెం వాళ్లది. అది నిజమా, కోతా అని ఎవరూ అడక్కూడదు. కాదనకూడదు."

"ఆ నియమం పెట్టింది నువ్వే కదా మామా," అన్నాను నేను.

"పెట్టక! ఎవరి జాగ్రత్త వాళ్లకుండాలి. నవ్వింది చాలుగానీ టీ చల్లారుతుంది, తాగండి. ఏం రోజులండీ బాబాయి గారూ అవి! మొదట్లో నలభై మంది ఉండేవాళ్లం. ఒక బేకరీ ఆవిడ ఉండేది. ఆవిడ మొహం నాకు తెలియదు, ఊరు తెలియదు, కానీ ఆవిడ వంటింటి కుళాయి నిమిషానికి ఎన్ని చుక్కలు కారుతుందో తెలుసు. పదిహేడు. రోజూ లెక్కపెట్టి మరీ రాసేది. ఒకరోజు రాయడం మానేసింది. కుళాయి బాగైందో, ఆవిడ ఇల్లు మారిందో, ఏమైందో. ఇప్పటికీ ఎక్కడ కుళాయి కారినా నేను తెలియకుండానే లెక్కపెడతాను. అలా ఒక్కొక్కళ్లే తగ్గి, చివరికి ఇదిగో, మూడు బల్లలకి సరిపోయాం. బెంగగా ఉండదూ మరి? ఉంటుంది. ఉందని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు."

మామ గబగబా ఒక గుక్క టీ తాగాడు.

"సరే, ఫ్రిజ్ సంగతి. తొమ్మిదేళ్ల కింద ఒకరోజు పొద్దున ఈ దర్జీ గొణిగాడు. 'మా ఫ్రిజ్ గురక పెడుతోంది, పక్కగదిలో కూడా నిద్ర పట్టడం లేదు' అని. నేను షాపులో ఉన్నాను, ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఇంకో చేతిలో ఫోను. ఇంకొకడైతే ఏమంటాడు? మనిషిని పంపించు, విప్పి చూపించు అంటాడు. నేను విప్పలేదు, చూడలేదు. ఆ గొణుగుడు చదివాను, కళ్లు మూసుకున్నాను. అక్షరాల్లోంచి ఫ్రిజ్ చప్పుడు వినబడిందండీ! గుర్... గుర్... టక్. ఆ టక్ దగ్గర పట్టుకున్నా రోగాన్ని. బొటనవేలితో నాలుగు ముక్కలు కొట్టాను. వెనక ఎడమ కాలు కింద అట్టముక్క మడిచి పెట్టమన్నాను. గమనించండి, ముందు కాలు కాదు. ముందు కాలు అని ఎవడైనా చెప్తాడు. వెనక కాలు, అందులోనూ ఎడమది. కిటుకంతా అక్కడుంది."

"మామా, నాకసలు ఆ..." అన్నాడు దర్జీ.

"ఉండవయ్యా! నీ ఫ్రిజ్ సంగతి నీకేం తెలుసు? ఆ తర్వాత ఏమైందో తెలుసా బాబాయి గారూ? ఆ రాత్రి ఇతని మురిపెం ఏమిటి? 'ఇవాళ ఇంట్లో నిశ్శబ్దంగా ఉంది, హాయిగా కునుకు తీశాను.' ఇదిగో, ఇతనే రాశాడు, అడగండి."

"రాశాననుకో. కానీ..."

"రాశాడు! అక్కడితో అయిపోతే అది మామూలు మెకానిక్ పని. అట్ట మడత గట్టిగా పడిందేమో, ఆ ఫ్రిజ్ నెమ్మది చూసి ఇంట్లో మిక్సీకి సిగ్గేసింది. పచ్చడి రుబ్బుతుంటే గుసగుసలాడటం మొదలుపెట్టింది. కుట్టు మిషను చప్పుడు చేయకుండా కుట్టింది. పక్కింటి ఫ్రిజ్, ఎదురింటి ఫ్రిజ్, గోడల్లోంచి కబురందినట్టు ఒకదాని తర్వాత ఒకటి నోరు మూసుకున్నాయి. మూడో రోజుకి వీధి వీధంతా నిశ్శబ్దం. పిల్లలు ఏడుస్తున్నారో లేదో మొహం చూస్తేగానీ తెలిసేది కాదు."

"మరి లిఫ్టు?" ఎవరో ఎగదోశారు.

"లిఫ్టా! అది వచ్చిందో లేదో తెలియక మనుషులు తలుపు ముందు అరగంట నిలబడేవాళ్లు. తలుపు కొట్టి అడిగితేగానీ చెప్పేది కాదు. ఇక ఫ్రిజ్ కంపెనీవాళ్లకి సంగతి పొక్కింది. ముగ్గురు ఇంజినీర్లు, మెడకి టైలు, చేతిలో పెట్టెలు, నా షాపు ముందు దిగారు. 'అయ్యా, ఆ అట్టముక్క ఏ మందం? ఎన్ని మడతలు?' అని అడిగారు. చెప్పనన్నాను. పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు. నా అరుగు మీద మనుషుల గొణుగుళ్లు ఎవరు వింటారు, మీరొస్తారా అన్నాను. వాళ్లలో పెద్దాయన అక్కడే కూర్చుని, వాళ్లావిడ టూత్‌పేస్టు మధ్యలో నొక్కుతుందని గంటసేపు గొణిగి, తేలికపడి వెళ్లిపోయాడు."

అందరం విరగబడి నవ్వుతున్నాం. లైబ్రరీ అమ్మాయి పక్కన కూర్చున్న పెద్దాయన, వాళ్ల నాన్న మాత్రం నవ్వాపుకుంటూ కింద పెదవి కొరుక్కుంటున్నాడు. ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని చిన్నగా లాగింది.

"ఇంకా వినండి. ఆ నిశ్శబ్దం పెరిగి పెరిగి ఎంతదాకా వచ్చిందంటే, నాలుగో వీధిలో ఎవరో సూదిలో దారం ఎక్కిస్తుంటే ఇక్కడికి వినబడింది. దారం తప్పినప్పుడు ఆవిడ నిట్టూర్చింది కూడా. వారం తిరిగేసరికి, దర్జీ ఇంటి మేడమీద నిలబడితే, నమ్మితే నమ్మండి లేకపోతే లేదు, భూమి తిరుగుతున్న చప్పుడు వినబడింది! కిర్రు... కిర్రు... ఎన్నాళ్లుగా తిరుగుతోంది పాపం, అరిగిపోదూ? దీనికీ వెనక ఎడమవైపు ఒక అట్ట పెడదామనుకున్నాను. ఎటు వెనకో తేలక వదిలేశాను."

గదంతా ఘొల్లుమంది. ముందు గదిలోంచి టీ కొట్టు యజమాని కూడా తొంగి చూశాడు. ఆ నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, మామ కాస్త గొంతు తగ్గించాడు.

"నవ్వండి, నవ్వండి. కానీ బాబాయి గారూ, ఒక్క మాట నిజంగా చెప్తాను. ముప్ఫై ఏళ్లయింది నేను ఈ పని మొదలుపెట్టి. నేను బాగుచేసిందల్లా మళ్లీ చెడిపోయింది. ఫ్యాను ఇవాళ తిరిగితే వచ్చే ఏడాది ఆగుతుంది, మిక్సీ మళ్లీ అదే చేతుల్లో నా షాపుకే వస్తుంది. అది ఆ వస్తువుల గుణం, నా తప్పు కాదనుకోండి. అయినా ఒక్కటంటే ఒక్కటి, నా చెయ్యి పడ్డాక మళ్లీ చెడిపోనిది ఉండాలని ఉండదా? ఈ ఫ్రిజ్ ఒక్కటే నాకు మిగిలింది. అందుకే అడుగుతున్నాను, ఆ చివరి లైను నాకివ్వండి."

దర్జీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నేను టైపు చేయడానికి వేళ్లు పెట్టాను.

"ఒక్క నిమిషం," అన్నాడు పెద్దాయన.

"నాన్నా, వద్దు," అంది లైబ్రరీ అమ్మాయి. "మురిపెం కాదనకూడదు. నియమం."

"ఆ నియమం మీకే. నేను మీ అరుగు మనిషిని కాదుగా." ఆయన మామ వైపు తిరిగాడు. "నాయనా, ఆ అట్టముక్క ఏ ఫ్రిజ్ కిందా లేదు. మా ఇంట్లో ఉంది. నా కుర్చీ కింద."

మామ నోరు తెరిచేలోగా పెద్దాయనే అందుకున్నాడు.

"మా ఆవిడ పోయి అప్పటికి రెండు నెలలు. నేను మాట్లాడటం మానేశాను. కోపం కాదు, ఏం మాట్లాడాలో తోచక. 'ఇంట్లో చెంచా కిందపడితే ఉలిక్కిపడుతున్నాను, నాన్న నోట మాట వినబడటం లేదు' అని మా అమ్మాయి ఆ రోజు మీ దగ్గర గొణిగిందట. దాని కింద నీ జవాబొచ్చింది. నాకింకా ముక్కముక్కా గుర్తుంది. 'కంగారు పడకండి. పాతబడ్డాక ఇలాంటివి మామూలే. వెనక ఎడమ కాలు కింద అట్టముక్క మడిచి పెట్టండి. వెనకవైపు దుమ్ము దులపండి. గోడకి జానెడు దూరం జరపండి. అప్పటికీ దారికి రాకపోతే ఒక పూట ఆపేసి తలుపు తెరిచి వదిలేయండి.'"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను పేజీ కిందికి, ఇంకా కిందికి, తొమ్మిదేళ్ల కిందికి జరిపాను. దర్జీ గొణుగుడు ఉంది. దానికి ఎవరి జవాబూ లేదు. దాని కిందే లైబ్రరీ అమ్మాయి గొణుగుడు, దానికి మామ జవాబు. ఒక చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని ఫ్రిజ్‌కని కొట్టిన జవాబు, బొటనవేలు జారి ఒక గడి కింద పడింది, అంతే.

"ఏడవాలో నవ్వాలో తెలియక ఇది తెచ్చి నాకు చూపించింది," అన్నాడు పెద్దాయన. "చదివాను. 'వెనకవైపు దుమ్ము దులపమన్నాడేంటే!' అన్నాను. రెండు నెలల్లో అదే నా మొదటి మాట. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం, నవ్వీ నవ్వీ ఏడ్చాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా కుర్చీ ఎప్పట్నుంచో ఊగుతోంది. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ దాన్ని బాగుచేయించమని పోరుతూనే ఉండేది. ఆ రోజు లేచి, బూట్ల డబ్బా మూత చింపి, మడిచి పెట్టాను."

ఆ రాత్రి లైబ్రరీ అమ్మాయి రాసిన మురిపెం నా కళ్లముందే ఉంది. 'ఇవాళ నాన్న నవ్వాడు.' అంతే. దాని కింద మామే రాశాడు: 'చాలా సంతోషం అమ్మాయ్. ఎందుకు నవ్వాడని అడగను, నియమం ఉందిగా.'

"ముందు నువ్వు కావాలనే అలా రాశావనుకున్నాను మామా," అంది ఆమె. "మర్నాడు నువ్వు ఫ్రిజ్ గురించి సంబరపడుతుంటే అప్పుడు అర్థమైంది. చెబితే సిగ్గుపడి సలహాలు మానేస్తావేమోనని భయమేసింది."

మామ మెల్లగా దర్జీ వైపు తిరిగాడు. "మరి నువ్వు నిశ్శబ్దంగా ఉందని రాశావు కదయ్యా?"

"ఆ రోజు పొద్దుపోయేదాకా కరెంటు లేదు మామా," అన్నాడు దర్జీ తల వంచుకుని. "మర్నాటి నుంచి మళ్లీ అదే గురక. ఎండాకాలం లోపే అమ్మేశాను. చెబుదామనుకున్నా. నీ మురిపెం కాదనకూడదని ఊరుకున్నా."

ఇంతసేపు నవ్విన గదిలో ఎవరికీ నవ్వు రాలేదు. మామ గ్లాసు ఎత్తాడు, ఖాళీగా ఉందని చూసి దించాడు. "అంటే ఆ ఒక్కటి కూడా..." అని ఆపేశాడు. పదకొండేళ్ల రాతల్లో కూడా అతను మాట మధ్యలో ఆపడం మేమెవరం ఎరగం.

"తొమ్మిదేళ్లయింది నాయనా," అన్నాడు పెద్దాయన. "మళ్లీ చెడిపోలేదు."

"కుర్చీయా?"

"కుర్చీ ఊగలేదు. నా నోరూ మూతపడలేదు. కావాలంటే మా అమ్మాయిని అడుగు."

"ఒక పూట ఆపేద్దామన్నా ఆగడం లేదు మామా," అంది లైబ్రరీ అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

ఆరుకి నాలుగు నిమిషాలుంది. ఎవరినీ అడక్కుండానే నేను టైపు చేశాను. 'మెకానిక్ మామ బాగుచేసింది ఒకటి తొమ్మిదేళ్లయినా చెడిపోలేదు. దాన్ని ఇవాళ అందరం కళ్లారా చూశాం, మాతోపాటు టీ తాగింది.' పైకి చదివాను. ఎవరూ కాదనలేదు. నొక్కేశాను.

మామ జేబురుమాలు తీసి కళ్లజోడు తుడిచాడు, మొహం తుడిచాడు, మళ్లీ కళ్లజోడే తుడిచాడు. ఆ తర్వాత పెద్దాయన వైపు వంగి, చిన్న గొంతుతో అడిగాడు.

"బాబాయి గారూ, వెనక ఎడమ కాలేనా?"

"నువ్వు రాసిందే చేశాను నాయనా. వెనక ఎడమదే."

మామ కుర్చీలో నిటారుగా సర్దుకుని, మా అందరి వైపు తిరిగాడు.

"విన్నారా? ముందు కాలైతే పని చేసేది కాదు."