గోడవతల పడ్డ ఎలుక

ఏందే భవితా, లండన్ల ప్లేగు మీద ప్రాజెక్టా? లండన్ దాక ఎందుకు, మనింట్ల లేదా ప్లేగు? ఈ తాత కాడ కూసో, ల్యాప్‌టాప్ పక్కన పెట్టు. మా తాత రాఘవులు, నీకేమైతడో నువ్వే లెక్కేసుకో, హైదరాబాద్ శాలిబండల ఉండె. నిజాం జమానాల ప్లేగొచ్చినప్పటి రూలేందంటే, ఇంట్ల చచ్చిన ఎలుక కనపడ్డదంటే సర్కారు జవానుకు చెప్పాలె. వాళ్లొచ్చి ఇల్లు ఖాళీ చేపిచ్చి, పైన పెంకలు తీసి, తాళమేసి, అందర్నీ బండ్లెక్కించి ఊరవతల తడకల గుడిసెలల్ల పడేస్తరు. జనం తెలివి చూడు, జ్వరానికి భయపడలే, జవానుకు భయపడ్డరు. నవ్వకు. కరోనాల ఈ అమెరికాల, ఇదే నేపర్‌విల్ ఇంట్ల మీ అమ్మ ఆపిల్ పండ్లను సబ్బు పెట్టి కడిగింది. నేను తిన్న, నోట్లకెల్లి నురగొచ్చింది.

సరే, ఏడున్న? ఆఁ, మా తాతకు ఇరవై ఆరేండ్లు. పెండ్లానికి తొమ్మిదో నెల. కాదే, మా నాయినమ్మ కాదు, మొదటి పెండ్లాం. ఆగు, చెప్తున్న కద. ఒకనాడు తెల్లారంగ బియ్యం గంప కాడ ఎలుక సచ్చి ఉన్నది. గుడిసెల కాన్పు ఎట్ల? మంత్రసాని రాదు, కింద తడి నేల, పక్క గుడిసెల ఎవరికేం జ్వరమో. బజార్ల పారేస్తే జవాను పట్టుకుంటడు. చీపురుతోటి చాటలకు ఎత్తి, గోడ మీదికెల్లి పక్కింట్లకు గిరాటేసిండు. పక్కింటి బాలకిష్టయ్యతోని మోరీ నీళ్ల పంచాయితీ ఉండె లే, చెయ్యి ఆగలే.

బాలకిష్టయ్య లేచి ఒకటే కేక, “రాఘవులూ, మా ఇంట్ల ఎలుక రాలిందిరో!” ఆ గల్లీల రూలు మీద నడిచేటోడు ఆయనొక్కడే. ఉరికిపోయి జవానును తనే తోలుకొచ్చిండు. మా తాత ఎంత మంచోడంటే, వాళ్ల మూటలు బండికెత్తిండు, “అయ్యో, ఎంత పనాయెనే అన్నా” అన్నడు. బండి మూల మలిగినంక ఇంట్లకొచ్చి పెండ్లాంతోని చెప్పి పడి పడి నవ్విండు. ఆమె నవ్వలేదంట.

ఐదో రోజు ఆమెకు జ్వరం. గజ్జల్ల గడ్డ. రెండు రోజులు. కడుపుల బిడ్డ కడుపులనే.

బాలకిష్టయ్యనా? నాలుగు నెలలకు వాపసొచ్చిండు, ఒళ్లు చేసి. ఇంటిల్లిపాదీ గట్టిగ ఉన్నరు. “ఆ ఎలుక మా పాలిటి దేవుడు, పటం కట్టిచ్చి పూజ చెయ్యాలె” అని వచ్చినోళ్లందరికీ చెప్పుడు. మూటలెత్తిన మంచి పిల్లగాడని మా తాతకు బిడ్డనిచ్చిండు. గామెనే మా నాయినమ్మ రాజేశ్వరమ్మ. మరేమనుకున్నవ్? ఆ గిరాటు గురి తప్పితే నేను లేను, మీ అమ్మ లేదు, నువ్వూ లేవు, నీ ప్రాజెక్టూ లేదు. పండుగ పండుగకూ మామ బాలకిష్టయ్య ఆ ఎలుక కథ తీస్తుండె, మా తాత తల వంచుకొని ఇస్తార్ల అన్నం కెలుకుతుండె. ఏసింది తనేనని మల్ల ఎవరికీ చెప్పలే. తను చచ్చిపోయే ఏడు నాకు చెప్పిండు. పదిహేడేండ్లోన్ని, కడుపు పట్టుకొని నవ్విన. ఆయన నా మొఖమే చూసిండు.

ఏందీ? పేరా? ఎవరి పేరు? మొదటామెదా... ఆగు. తాత ‘ఆమె’ అనేటోడు. ఆమె... నేను అడగలే. అరవై ఏండ్ల సంది ఎందరికి చెప్పిన్నో ఈ కథ, ఒక్కళ్లూ అడగలే.

...లే, లే. మీ అమ్మ ట్రెయిన్ వచ్చే టైమైంది.