కాకి కెమెరా, కొంగ కెమెరా

కెమెరాల షాపులో గాజు బల్లకు ఇటు పక్క వాచీలు బాగుచేసే తల్లి, ఆమె కెమెరా బేరం తేల్చేద్దామని సెలవు పెట్టి మరీ వచ్చిన నర్సు కూతురు. అటు పక్క షాపాయన. మధ్యలో రెండు చిన్న కెమెరాలు.

“లేదమ్మా, ఇవాళ తేలాల్సిందే. ఒక్క కెమెరా కొనడానికి ఆరు శనివారాలా?”

“ఆరెక్కడే? అయిదు.”

“ఆరేనండీ. మధ్యలో ఒకటి వర్షంలో వచ్చారు. నీలం గొడుగు.”

“చూశావా అమ్మా, అంకుల్‌కే లెక్క తెలుసు. గొడుగు రంగుతో సహా.”

“షాపు అన్నాక కస్టమర్లని గుర్తుపెట్టుకోవాలి కదా అమ్మాయ్.”

“సరే. నాకు మొదట్నించీ చెప్పండి. ఈ నల్లదానికీ ఈ వెండిరంగుదానికీ తేడా ఏంటి?”

“నల్లది కాకి. ఇది కొంగ.”

“అమ్మా, నేనడిగింది అంకుల్‌ని.”

“ఆ పేర్లు మీ అమ్మగారు పెట్టినవే. నాకూ అవే అలవాటైపోయాయి. కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే నాలుగు కాకులు పంపండి అనేశాను మొన్న.”

“అయ్యో! వాళ్ళేమన్నారు?”

“రాంగ్ నంబరని పెట్టేశారు. సరే, చూడు. కాకి కాస్త బరువు. పట్టుకుంటే చేతిలో గట్టిగా కూర్చుంటుంది. మన చెయ్యి వణికినా ఫొటో వణకదు. వెనక తెర తలుపులాగా పక్కకి తెరుచుకుంటుంది. కొంగ తేలిక. తెర పైకీ కిందికీ వంగుతుందంతే. కానీ నెత్తి మీద మూడు చక్రాలున్నాయి చూడు.”

“తిప్పి చూడవే. టిక్, టిక్, టిక్. పాత వాచీకి కీ ఇచ్చినట్టు లేదూ?”

“ఉంది. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. అంకుల్, కొంగని ప్యాక్ చెయ్యండి.”

“ఆగాగు! తొందరేముందమ్మాయ్? మీ అమ్మగారు తియ్యాల్సింది వాచీల లోపలి ఫొటోలు. ఆవగింజంత మరలు. విప్పేముందు ఏది ఎక్కడుందో తీసి పెట్టుకోవాలి. చెయ్యి ఇసుమంత కదిలినా అంతా అలుక్కుపోతుంది. దానికి కాకే మేలు.”

“అమ్మ చెయ్యి కదలదంకుల్. ముప్పై ఏళ్ళుగా వెంట్రుకంత స్ప్రింగులు పట్టుకున్న చెయ్యి. పోనీ, మీ మాట ఎందుకు కాదనాలి? కాకినే ఇవ్వండి.”

“కాకి బరువే. రోజంతా మెడలో వేసుకుంటే మెడ లాగేస్తుంది.”

“మెడలో ఎందుకు వేసుకుంటావమ్మా? బల్ల మీద పెట్టుకుని వాచీలు తీస్తానన్నావుగా?”

“ఎప్పుడైనా బయటికి వెళ్తే?”

“బయటికంటే ఎక్కడికి?”

“బయటికంటే... బయటికే.”

“అదీ నిజమే మేడమ్. బయటికైతే కొంగే సుఖం.”

“అంకుల్! మీరు అమ్మేవాళ్ళా, ఆపేవాళ్ళా? కొంగంటే కాకంటారు, కాకంటే కొంగంటారు!”

“కొన్నాక బాధపడకూడదు కదా. పైగా ఇంకో మోడల్ కూడా వస్తోంది. వచ్చే శనివారానికి.”

“అవునా? అయితే అది కూడా చూశాక...”

“అమ్మా, కూర్చో. మూడో పిట్ట వద్దు. కూర్చోమన్నానా? ...ఇదేంటి, ఈ కుర్చీకి మాత్రం దిండుంది?”

“మీ అమ్మగారికి నడుం నొప్పి అన్నారు. అదే... కస్టమర్లకి. నడుం నొప్పి ఉన్న కస్టమర్లకి.”

“ఊఁ. సరే, ఇక వాదన లేదు. బొమ్మా బొరుసూ వేసేద్దాం. బొమ్మ పడితే కాకి, బొరుసు పడితే కొంగ. వేస్తున్నా... బొమ్మ! కాకి!”

“ఒక్కసారికే ఎలా చెప్తాం? మూడుసార్లు వెయ్యాలి.”

“అయిదుసార్లు మేడమ్. అయిదుకి మూడు.”

“మళ్ళీ వేస్తున్నా... అయ్యో, దొర్లిపోయింది. బల్ల కిందికి వచ్చిందా అంకుల్?”

“రాలేదే.”

“మీ చెప్పు కింద ఉంది.”

“ఏ చెప్పు?”

“మీ కుడి చెప్పు. తియ్యండి. తియ్యరేం?”

“ముందు ఆ గోడ గడియారం దించి నా చేతికివ్వండి. మళ్ళీ ఆగిపోయింది. నేను దాని సంగతి చూస్తాను, మీరిద్దరూ తేల్చుకోండి.”

“ఆ గడియారం పోయిన వారమే బాగుచేశానన్నావుగా?”

“ఆ ముందు వారం కూడా చేశాను. మొండిది.”

“మీ అమ్మగారి చెయ్యి పడితే బుద్ధిగా తిరుగుతుంది. మళ్ళీ శనివారానికి అలుగుతుంది. ఏం చేస్తాం?”

“గడియారం జోలికెళ్ళకమ్మా, మాట మారుస్తున్నావ్. నాకో ఆలోచన వచ్చింది. ఇన్ని వారాలూ రెండింటితో టెస్టు ఫొటోలు తీసుంటారుగా? రెండు కార్డులూ ఆ పెద్ద టీవీలో పెట్టండి. ఏది స్పష్టంగా ఉంటే అది కొనేద్దాం.”

“టీవీ పనిచెయ్యట్లేదమ్మాయ్.”

“ఇప్పుడే దాంట్లో పులి పరిగెత్తింది అంకుల్.”

“పులి వరకే పనిచేస్తుంది.”

“ఇలా ఇవ్వండి, నేనే పెడతాను.”

“ఏవండీ, ఇవ్వకండి!”

“...అమ్మా. ఇప్పుడేమన్నావ్?”

“ఏమన్నాను?”

“ఏవండీ అన్నావ్.”

“అంటే? ఎవర్నైనా అంటాను. కూరగాయలాయన్ని అననూ?”

“కూరగాయలాయన్ని ‘ఇదిగో బాబూ’ అంటావ్. డాక్టర్ని సార్ అంటావ్. నాన్నని తప్ప ఇంకెవర్నీ నువ్వు ఏవండీ అనగా నేను వినలేదు.”

“మీ అమ్మగారు మర్యాద మనిషి కదా, అందుకని...”

“అంకుల్, మీరు మాట్లాడకండి. కార్డు ఇలా ఇవ్వండి. ఆఁ, వచ్చింది. ఇది కాకి కార్డు. మొదటి ఫొటో... మీరు. రెండోది... మీరే. మూడోది, మీరూ టీ కప్పూ. నాలుగోది, మీరు లేరు... ఉన్నారు, వంగారు.”

“వెనక గడియారం ఉంది చూడు. నేను తీసింది దాన్ని. ఎన్నింటికి ఆగిందో గుర్తుండాలి కదా!”

“గడియారం మసకగా ఉందమ్మా. ముల్లు ఎటుందో కూడా తెలియట్లేదు. ఈయన మీసంలో తెల్ల వెంట్రుకలు మాత్రం లెక్కపెట్టొచ్చు. పదకొండు.”

“అది నా తప్పు కాదు. నా ముక్కుది.”

“ముక్కుదా!”

“నిజమే అమ్మాయ్. భూతద్దం ఎడమ కంటికి పెట్టుకుని వాచీలు చూడటం ఆవిడకి అలవాటు. అందుకని కెమెరా కిటికీలోకి కూడా ఎడమ కంటితోనే చూస్తారు. అలా చూస్తే ముక్కు వచ్చి వెనక తెరకి ఆనుతుంది. తెర మీద ఎక్కడ తాకితే ఫోకస్ అక్కడికి పోతుంది. అది ముక్కని దానికి తెలీదు, వేలనుకుంటుంది.”

“ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వు పెడుతున్నారు.”

“ఇలా వచ్చి నా భుజం మీంచి చూడవే. గడియారానికి గురి పెట్టాను. తెర మీద ఆ ఆకుపచ్చ ఫోకస్ గడి ఎటు పోతోందో చూడు.”

“అయ్యో, నిజంగానే జారుతోంది! మళ్ళీ చెయ్యమ్మా. ముక్కు కాస్త... హహ్హ! అంకుల్ చెవి మీద ఆగింది!”

“చెప్పానా? నిజం చెప్తే నమ్మవు.”

“నమ్మాను, నమ్మాను. తప్పైపోయింది. కానీ అమ్మా, ఇంకా ఉన్నాయే! గళ్ళ చొక్కా వారం, నీలం చొక్కా వారం, వర్షం వారం... మొత్తం నలభై ఏడు. నలభై ఏడుసార్లూ నీ ముక్కు ఈయన మీదే వాలిందా? ఒక్కసారి తలుపు మీదో ఫ్యాను మీదో వాలకూడదూ?”

“ముక్కుకేం తెలుస్తుందే?”

“నీ ముక్కుకి అన్నీ తెలుసు.”

“నవ్వకు. మీరూ నవ్వకండి, పక్కకి తిరిగి నవ్వితే నాకు కనిపించదనుకోకండి.”

“ఇక కొంగ కార్డు.”

“అది అక్కర్లేదమ్మాయ్. అందులో అన్నీ నేను తీసినవే. మీ అమ్మగారికి నేర్పించడానికి.”

“అయితే పాఠం చూద్దాం. అమ్మ. అమ్మ. గొడుగు మడుస్తూ అమ్మ. కళ్ళజోడు తుడుచుకుంటూ అమ్మ. గడియారం ఒళ్ళో పెట్టుకుని అమ్మ. అమ్మ...”

“ఏమైందే? ఆపేశావేం?”

“ఇదెప్పటిది? ఈ నవ్వేది.”

“మూడో వారం. ఈయన లెన్సు మూత పోయిందని షాపంతా తలకిందులు చేశారు. తీరా చూస్తే నోట్లో పట్టుకుని ఉన్నారు.”

“నువ్విలా నవ్వుతావని మర్చిపోయానమ్మా. నాన్న పోయి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ఇలా, పై పన్నూ కింది పన్నూ కనిపించేలా...”

“ఏడుస్తున్నావా?”

“లేదు. సంతోషంగా ఉంది నాకు. ఉండు, ముక్కు తుడుచుకోనీ. మన ఇంట్లో ముక్కులే పనికిరానివి. అంకుల్, ఒక్కటడుగుతాను. మీరూ ఎడమ కన్నేనా?”

“నాది కుడి కన్నమ్మాయ్.”

“మరి మీ ముక్కు?”

“పక్కకి ఉంటుంది. దేనికీ తగలదు.”

“అంటే ఇవన్నీ...”

“కావాలనే తీశాను.”

“అయ్యయ్యో, అలా చెప్పేస్తారేంటండీ!”

“అడిగింది కదా మేడమ్. చిన్నపిల్లకి అబద్ధమెలా చెప్తాను?”

“చిన్నపిల్లా? రోజుకి అరవై మందికి సూదులు గుచ్చుతాను నేను. అమ్మా, నాకెందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పనే? కెమెరా తేలాక చెబుదామనుకున్నాను. తేలిపోతే మళ్ళీ ఇటు రావడానికి వంక ఉండదు. అందుకని తేల్చలేదు. తేల్చకపోతే నీకు చెప్పలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అదీ కాక... ఈ వయసులో ఇదేం సోకు అంటావని భయమేసింది. నువ్వు కాదంటే నేనిక ఈ మెట్లెక్కను. ఇప్పుడే చెప్తున్నాను, ఎక్కను.”

“మేడమ్...”

“మీరుండండి. నా కూతురు చెప్పనీ.”

“చెప్తాను. నీకు సోకులు తక్కువయ్యే కదమ్మా నడుం నొప్పి వచ్చింది. అంకుల్, మీ ఇంట్లో ఎవరెవరున్నారు?”

“నేనూ, ఒక పిల్లీ. దానికి ఫొటో చూపించాను. అభ్యంతరం చెప్పలేదు.”

“అయితే నాకూ లేదు. పిల్లి ఒప్పుకున్నాక నేనెవర్ని?”

“నిజంగానా? ఏదీ, నా మొహం చూసి చెప్పు.”

“నీ మొహం చూసే చెప్తున్నానమ్మా. టీవీలో ఇంత పెద్దగా ఉంది. అంకుల్, కొంగని ప్యాక్ చెయ్యండి. కార్డు మాత్రం నాకు. ఆ నవ్వు నాకు కావాలి.”

“కార్డు మొత్తమా?”

“మీ మొహం పాలిపోయిందేం? కాపీ తీసుకోండి. రెండు తీసుకోండి, పిల్లికొకటి.”

“అంతా బానే ఉందిగానీ, కెమెరా కొనేశాక వచ్చే శనివారం ఏ మొహం పెట్టుకుని రానే?”

“ఉన్న మొహమే పెట్టుకుని రామ్మా! ఇంకా వంకలెందుకు?”

“ఊరికే ఎలా వస్తాను? ఆఁ, గడియారం ఉందిగా. అదెలాగూ ఆగుతుంది.”

“అది... ఇక ఆగదు మేడమ్.”

“అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?”

“ఎలాగూ ఒకటి ఒప్పుకున్నాను, రెండోదీ ఒప్పేసుకుంటాను. మొదటి శనివారం అది నిజంగానే ఆగింది. మీరు కొత్త బ్యాటరీ వేశారు. శుభ్రంగా తిరిగింది. ఆ తర్వాత ప్రతి శనివారం పొద్దున్న షాపు తెరవగానే నేనే స్టూలెక్కి బ్యాటరీ తిరగేసి పెడుతున్నాను. ప్లస్సు వైపు మైనస్సు.”

“అంకుల్! మీరు మామూలు వాళ్ళు కాదు! ...ఒక్క నిమిషం. అమ్మా, నువ్వు ముప్పై ఏళ్ళు వాచీలు విప్పినదానివి. అన్ని వారాలు, వారానికో గంట, ఆ గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావ్. బ్యాటరీ తిరగబడి ఉందని కనిపెట్టలేకపోయావా?”

“కనిపెట్టకేం? వెనక్కి తిప్పగానే కనిపించింది.”

“ఎప్పుడు మేడమ్?”

“రెండో శనివారం.”

“మరి అప్పట్నించీ గంట గంటసేపు ఏం బాగుచేశారు?”

“బాగున్న మరలన్నీ విప్పుకుంటూ, మళ్ళీ బిగించుకుంటూ కూర్చున్నానండీ.”