చిన్న సైజులు చాలన్నవాడు

కొండలెక్కే సామాన్ల కొట్టులో బావమరిది, రాతి పగుళ్లలో బిగించే క్యామ్‌లను ఒక్కొక్కటీ చేతిలో ఆడించి బరువు చూస్తున్నాడు. కొట్టు బావది.

"ఇవి బాగా తేలిక బావా. చిన్న సైజులు చాలు."

"మనం ఎక్కబోయే కొండ పైభాగంలో పిడికిలి పట్టేంత పగులుందిరా. అక్కడ చిన్నవి నిలవవు."

"పెద్దవి ఉన్నాయిలే."

"ఎవరి దగ్గర? నీ సెట్టులోనూ లేవు, నా సెట్టులోనూ లేవు. సగం సెట్టు కొనేవాడికి మిగతా సగం ఇంకెవరి దగ్గరో ఉంటుందని నాకు తెలీదా? తాడు రెండో కొసన నా బదులు ఎవడున్నాడు?"

"నీ మోకాలు బాగోలేదని అక్క..."

"మీ అక్కని మధ్యలోకి లాగకు. ఏడాది నుంచి రోజూ పొద్దున్నే నీతో సాధన చేసింది ఈ మోకాలితోనే."

"చెబుదామనే వచ్చాను బావా."

"చెప్పడానికొచ్చినవాడివి బేరం మొదలెట్టావేం? సరే, అతని క్యామ్‌ల పట్టీలు ఎప్పుడు మార్చాడో అడిగావా?"

"లేదు."

బావ అద్దాల బీరువా తెరిచి, కొత్త పెద్ద సైజులు తీసి బావమరిది ముందు పెట్టాడు.

"ఇవి పట్టుకెళ్లు. అతని పాతవాటిని నమ్మి పడ్డావంటే మీ అక్కకి చెప్పుకోవాల్సింది నేను."

"దిగగానే తెచ్చిచ్చేస్తాను బావా."

"ఎవరిచేతైనా పంపు. నువ్వు రాకు."