రోజుకొక దిద్దుబాటు

హలో… ఆ, నేనేనండీ, జిరాక్స్ షాపు. ఏం ప్రింటు కావాలి?

…ఎవరు?

అయ్యో, మీరా తమ్ముడూ. ప్రింటరు సాఫ్ట్‌వేరు… నేను తప్పులు దిద్ది పంపే మెయిళ్ళకి జవాబులు రాసే… ఆ, ఆ. మెయిలు కింద షాపు నంబరుంటుందన్న సంగతే మర్చిపోయాను. ఉండండి, మెషీను ఆపుతాను, ఈ మోతలో వినపడదు.

…ఆ, చెప్పండి. గొంతు కాస్త బొంగురుగా ఉంటుందనుకున్నాను. ఏం లేదు, ఊరికే అలా ఊహించుకున్నాను.

…ఖాళీనే. ఒకప్పుడైతే ఈ వేళకి నాది ముందంటే నాది ముందని కౌంటరు మీద పడేవాళ్ళు. ఇప్పుడు కాగితాలన్నీ ఫోనులోనే చూపించేస్తున్నారుగా. గాలికి తలుపు కదిలినా 'రండి' అంటున్నాను.

…కాగితం ఇరుక్కుంటే ఏం చెయ్యాలో చెప్పే పేజీ, అవును, నేనే దిద్దాను. ముందు మూత తెరవమనాలి. మీవాళ్ళు ముందు కాగితం లాగమని రాశారు. అలా లాగితే సగం చిరిగి లోపలే కూర్చుంటుంది. ఎన్ని గోళ్ళు విరిగాయో నాకు.

…కింది ట్రే దగ్గరా?

…పక్క లైనులోనే అదే తప్పుందా. చూసుకోలేదు తమ్ముడూ. కళ్ళజోడు మార్చాలి.

…దాన్ని మర్నాడు పంపానా?

…సిరా పేజీలోనూ అంతేనా. ఒకటి దిద్దాను, పక్కది మర్నాడు…

దొరికిపోయాను. గట్టివాళ్ళే మీరు.

…కావాలనే. తప్పులన్నీ ఒకేసారి కనపడతాయి. ఒకటి పంపి మిగతావి దాచుకుంటాను.

…ఎందుకంటే ఏం చెప్పను? ఒకటి పంపితే ఒక జవాబు. పది కలిపి పంపినా ఒకటే జవాబు కదా.

…

హలో? ఉన్నారా?

నవ్వకండి… నవ్వట్లేదా. సరే.

పెద్ద సంగతేం కాదు. 'చూశాను అక్కా, బాగుంది, పేజీలో కలిపేశాను' అని రాస్తారే, అదే. ఒకసారి 'అక్కడ కూడా వానలా' అని అడిగారు. ఆ రోజు ఎవరూ రాకపోయినా షాపంతా కడిగాను. ఆయన పోయాక ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కరొక్కటే. అదీ కూతేసి ఊరుకుంటుంది.

…ఏంటి, ఏడుపు వినపడుతోంది… పాపా? చెప్పనేలేదే. ఎత్తుకునే మాట్లాడండి, నాకేం తొందర లేదు.

…మళ్ళీ చెప్పండి. నేను ఒక్క లైను పంపినా పేజీలన్నీ మొదట్నించీ తయారుచేసుకుని చూడాలా?… రోజూనా?… పాప పడుకున్న కాసేపట్లో, ఆఫీసుకి వెళ్ళేలోపు. మీరొక్కరే.

నాకు తెలీదు తమ్ముడూ. ఓపెన్ సోర్స్, ఎవరైనా ఓ చెయ్యి వెయ్యొచ్చు అంటే అటువైపు బోలెడుమంది కూర్చుని ఉంటారనుకున్నాను.

రేపట్నించి అన్నీ కట్టగట్టి ఒకేసారి పంపేస్తాను.

…అసలు పంపక్కర్లేదా?

…ఆ పేజీల తాళాలు నాకే ఇచ్చేశారా? ఎప్పుడు?… పొద్దున్నే. అంటే, నేను దిద్ది నేనే కలిపేసుకోవచ్చు. మిమ్మల్ని అడగక్కర్లేదు.

…అయ్యో, గౌరవమే, కాదనట్లేదు. ఎవరికి పడితే వాళ్ళకివ్వరని తెలుసు. మరి… చూసేదెవరు?

…ఎవరూ చూడక్కర్లేదు. అంత నమ్మకం.

…ఊఁ.

…కంప్యూటరు ముందే ఉన్నాను. స్కానరు పేజీది ఒకటుంది, రేపటికని ఉంచుకున్నాను. ఈ పచ్చ బటనేనా?… ఒక్క నిమిషం. మీరు మాత్రం లైన్లోనే ఉండండి.

నొక్కాను.

…కలిసిపోయింది. ఇలా నొక్కానో లేదో.

…ఏమీ రాలేదు. కలిసిపోయింది, అంతే.

…సంతోషమే తమ్ముడూ. ఎందుకుండదు? దాచినవన్నీ ఈ పూటే కలిపేస్తాను, మీకు బరువు తగ్గుతుంది.

…పాప గుక్కపట్టింది, వెళ్ళండి, వెళ్ళండి. భుజాన వేసుకుని కాస్త అటూ ఇటూ తిప్పండి, తగ్గుతుంది… ఆ. ఉంటాను.

అన్నట్టు, పాపకి పేరేం పె—

హలో?