వాగుకి ఇవతల

అదేమిటమ్మాయ్, “నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు” అని అడిగితే ఎలా? నిన్న సాయంత్రం వాన కురిసింది కదా! వాన పడితే మా ఊళ్ళో సగం మంది అవతలి ఒడ్డునే పడుకుంటారు. పొద్దున పనికి వెళ్ళారు, తిరిగొచ్చేసరికి వాగు నడుము దాటింది. నీ జనాభా లెక్క కోసం ఈదుకుంటూ రమ్మంటావా వాళ్ళని?

కూర్చో. అయ్యో, ఆ కుర్చీ కాదు, దానికో కాలు పొట్టి. ఇలా బల్ల మీద కూర్చో. చీరంతా తడిసిపోయిందే! తాడు పట్టుకునే దాటావా? చూశావా మరి. ఒక్క పూటకే వణికిపోతున్నావు.

ఊరు ఎలా ఉంటుందో కూడా రాయాలా? రాసుకో. వెనక కొండ, ముందు వాగు. కొండెక్కి చూస్తే అటువైపు ఇంకో కొండ. బయటికి దారి ఒక్కటే, అదీ నీళ్ళలోంచి. వీధులు మూడు. పై వీధికి నువ్వు వెళ్ళక్కర్లేదు, అన్నీ తాళాలే. ముందు కమ్మరివాళ్ళు పోయారు, తర్వాత కమ్మరి తమ్ముడు, ఆ వెనకే దర్జీ. వెళ్తూ వెళ్తూ నా జాకెట్టు గుడ్డ కూడా పట్టుకుపోయాడు మహానుభావుడు. నవ్వకు, కొత్త గుడ్డ!

ఎందుకు పోయారంటావేమిటి? వంతెన లేక. వంతెన ఎందుకు లేదు? జనం చాలక. అయిదొందల మంది ఉంటేనే కడతారట. జనం ఎందుకు చాలరు? ఇంక నన్నడక్కు తల్లీ, గానుగెద్దు నయం.

దొడ్లో దగ్గుతున్నది మా ఆయనే. ఈ వంతెన కోసం ఆయన ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఊళ్ళో ఏ ఆడది నీళ్ళోసుకున్నా సంబరమే. “ఇంకో తల పెరుగుతోందే” అంటాడు. పోయిన నెల పై వీధిలో మిగిలిన ఒక్క ముసలాయనా కాలం చేస్తే, “ఈ లెక్కలయ్యేదాకా ఆగలేకపోయాడా” అన్నాడు. ఎక్కడ? శవం పక్కనే నిలబడి! సిగ్గుతో చచ్చాననుకో.

పిచ్చివాడు కాదమ్మా. ఆశ, అంతే.

ఇదిగో, లోపల పడుకున్నది మా కోడలు. నెలలు నిండాయి. మావాడు అవతల బస్సుల షెడ్డులో మెకానిక్కు, రాత్రి వాడూ అటే చిక్కుకుపోయాడు. మా ఆయన దీన్ని చూసినప్పుడల్లా “రెండు తలలు” అని మురిసిపోతాడు. ఏమిటీ, పుట్టని బిడ్డని రాయరా? ఆయన ముందు ఆ మాట అనకు.

కమ్మరివాళ్ళు ఎందుకు పోయారో చెప్పనా? వాళ్ళ కోడలికి వానాకాలంలోనే నొప్పులొచ్చాయి. మంచం మీద మోసుకుంటూ వాగులో దిగారు. నడిమధ్యలో ఆగిపోయారు, ముందుకీ పోలేరు, వెనక్కీ రాలేరు. పిల్ల అక్కడే పుట్టింది. దక్కలేదు. ఆ పిల్ల ఏడ్చిందో లేదో కూడా నీళ్ళ చప్పుడులో ఎవరికీ తెలీదు. వారం తిరక్కుండా కమ్మరి తాళం వేశాడు.

అందుకని... కాస్త ఇటు జరుగు, ఆయనకి చెవులు బాగానే వినపడతాయి. అవతల దర్జీ ఇంటి పక్కన ఓ గది మాట్లాడాను. ఆయన గేదెల్ని తోలుకుని కొండవైపు వెళ్ళగానే దీన్ని తీసుకుని బయల్దేరతాను. సాయంత్రానికి మళ్ళీ మబ్బు పట్టేట్టుంది. నువ్వూ మాతో రా, పట్టుకోవడానికి ఇంకో చెయ్యి ఉంటుంది. చెబితే వెళ్ళనివ్వడమ్మా. “మన ఇంట్లోవాళ్ళే కదిలితే ఊరికి నేనేం చెప్పను” అంటాడు. ఆ మాటా నిజమే. నేనేం చెయ్యను?

మమ్మల్ని ఇక్కడే రాసుకో. నిన్న రాత్రి ఇక్కడే పడుకున్నాం, అబద్ధమేం కాదుగా. వంతెన కడితే కబురు పెట్టండి, చూడ్డానికి వస్తాం.

మొత్తం ఎంతమంది తేలారు? చెప్పు, ఫర్వాలేదు. అలా తల దించుకుంటావేం?

అయిదొందల్లో సగం కూడా లేరా?

సరేలే. అడుగో, మా ఆయన వస్తున్నాడు. ఎంతమందని అడుగుతాడు. ఇంకా లెక్క అవలేదని చెప్పు.