మబ్బును కసిరిన హన్నా

"వ్యాన్ లేటైతే కంగారుపడే మనిషిని కాదండీ నేను. ఒకసారి నేనే వెళ్ళి పిల్లాణ్ణి తెచ్చేసుకున్నా, తెలుసా మీకు?" అంది హన్నా, టీ గ్లాసు ఎడంచేత్తో అందుకుంటూ.

ఎడంచేత్తో తీసుకుందేమిటా అని చూశాను. కుడిచెయ్యి కొంగులో దూర్చుకుని ఉంది. చలేమో అనుకున్నా.

ఎండాకాలం సెలవులైపోయి బడి తెరిచిన మొదటి రోజు. మధ్యాహ్నం దాకా మాడ్చిన ఎండ ఉన్నట్టుండి మాయమై, కుండపోతగా వాన పట్టుకుంది. రామంతాపూర్ బడి నుంచి పిల్లల్ని తెచ్చే వ్యాన్ మా యూనివర్సిటీ క్వార్టర్ల గేటు పక్కన, శ్రావణ్ టీ కొట్టు ముందు ఆగుతుంది. ఆగాల్సిన వేళ దాటి చాలాసేపైంది. డ్రైవర్ ఫోను స్విచాఫ్. కొట్టు రేకు కింద ముగ్గురం ఆడవాళ్ళం. నేను, రమాదేవిని, పాలప్యాకెట్టుకని వచ్చి వానకు చిక్కుకుపోయాను. హన్నా హాస్టల్ ఆఫీసులో క్లర్కు, నరసాపురం పిల్ల. ఆమె కొడుకు శామ్యూల్ అయిదో తరగతి, ఆ వ్యాన్‌లోనే ఉన్నాడు. ఇంక కావ్య, మా కడప వైపు అమ్మాయి, క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఎల్‌కేజీలో వేసిన కూతురు మైత్రి ఇవాళే మొదటిసారి వ్యాన్ ఎక్కింది. కావ్య ముఖాన నెత్తురు చుక్క లేదు.

"అక్కా, నేను నడిచి పోతా బడి దాకా," అని గొడుగు తెరవబోయింది కావ్య.

"కూర్చో అమ్మాయ్. నువ్వటెళ్ళాక వ్యాన్ ఇటొస్తే? కొత్త పాప, తల్లి కనబడకపోతే డ్రైవర్ ఎవరి చేతిలో పెడతాడు? కూర్చో, చెప్తా విను. మా శామ్యూల్ రెండో తరగతప్పుడు, ఇలాగే బడి తెరిచిన రోజు. ఆ రోజు నాకసలు ఊపిరి తీసుకునే తీరికుందా? పొద్దున్నే లేచి అందరికీ క్యారేజీలు కట్టి, వాడి కొత్త ప్యాంటు పొడుగైందని కింద మడిచి కుట్టి, సెలవుల్లో కాలు పెరిగిపోయి బూట్లు పట్టకపోతే తార్నాక పరిగెత్తి కొత్తవి తెచ్చి, పుస్తకాలన్నిటికీ అట్టలేసి, పేర్లంటించి, మేడమీద ఎండేసిన మిరపకాయలు మబ్బు చూసి కిందికి దింపి, ఇంత చేసినా ఆఫీసులో మొదటి సంతకం నాదే!"

"అంత పొద్దున చెప్పుల కొట్టు ఎవరు తీసినారమ్మా?" అన్నాను.

"నేనెళ్ళి షట్టరు బాదితే తీశారండీ. బడి మొదలయ్యే రోజు తల్లి గొంతు వింటే తియ్యని మగాడు ఉంటాడా? సరే, సాయంత్రమైంది. వానొచ్చింది. వ్యాన్ రాలేదు. ఏం చేశానో తెలుసా? ఏడుస్తూ కూర్చోలేదు. స్కూటీ తీశా."

ఇంతవరకూ నమ్మొచ్చు. హన్నా కోతలు క్యాంపసంతా ఎరిగినవే. మొదట్లో అన్నీ నమ్మేలాగే ఉంటాయి.

ఫోను చెవిదగ్గర పెట్టుకున్న శ్రావణ్ మా వైపు తిరిగాడు. "ఇంకో వ్యానాయనతోని మాట్లాడిన అమ్మా. రైలు బ్రిడ్జి కింద నీళ్ళు నిండినయంట. బండ్లన్నీ గాడనే ఆగినయంటున్నడు."

కావ్య మళ్ళీ లేచింది. హన్నా ఎడంచేత్తో ఆమె చున్నీ పట్టుకుని లాగి కూర్చోబెట్టి, గొంతు పెంచింది.

"ఇవేం నీళ్ళు! ఆ రోజు చూడాల్సింది నువ్వు! నేను స్కూటీ తీసేసరికి స్టవ్ మీద కుక్కరుంది. రెండు విజిళ్ళొచ్చాయి, మూడోది రావాలి. కట్టేసి వెళ్తే అన్నం పలుకవుతుంది, వదిలేసి వెళ్తే మాడుతుంది. బడి నుంచి ఆకలితో వచ్చిన పిల్లాడికి పలుకన్నం పెడతామా? అందుకని ఆ కుక్కర్ని అలాగే గుడ్డతో దింపి, స్కూటీ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని బయల్దేరా. తార్నాక సిగ్నల్ దగ్గరికెళ్తే ఆ చివర నుంచి ఈ చివర దాకా బండ్లు కదలవు. సరిగ్గా అప్పుడొచ్చిందండీ మూడో విజిల్! కుయ్యిమని! అంబులెన్స్ అనుకుని బస్సులు, లారీలు, ఆటోలు అన్నీ చెరో పక్కకీ జరిగిపోయాయి. ట్రాఫిక్ పోలీసాయన సెల్యూట్ కొట్టి, 'పోండమ్మా, పోండి, సీరియస్ కేసా?' అన్నాడు. 'అవునండీ, రెండో తరగతి' అన్నాను."

"మంట లేకుండా విజిలెట్లొచ్చింది?" అని అడిగాను.

"ఇంజను వేడికండీ. మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా? అయ్యో, అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను. క్యాంపస్ దాటకముందే ఓ నెమలి, వానకి నిలువునా తడిసిపోయి రోడ్డు మీద నిలబడి ఉంది. జాలేసి 'ఎక్కు' అన్నా. వెనక సీటెక్కి కూర్చుంది. కూర్చుని ఊరుకుందా? పురి విప్పి నా నెత్తి మీద గొడుగులా పట్టింది. ఒక్క చుక్క పడితే ఒట్టు!"

శ్రావణ్ నవ్వాడు. కావ్య నవ్వలేదు. ఆమె ఫోను మోగింది. బడికి చేసిన కాల్‌కు వాళ్ళు తిరిగి చేస్తున్నారు. విని పెట్టేసింది.

"వ్యాన్ ఎప్పుడో బయల్దేరిందంట. పిల్లలెవరూ బడిలో లేరంట," అంది. ఫోను బల్ల మీద పెట్టబోతే గ్లాసుకు తగిలి టీ ఒలికింది. "దానికి నీళ్ళంటే భయం. బాత్రూంలో మగ్గు నెత్తిన పోస్తేనే ఏడుస్తుంది. రెండు నెలల సెలవులూ నా థీసిస్ పనంతా ఆపుకుని దాని పక్కనే కూర్చున్నా. ఒక్క రోజు, ఈ ఒక్క రోజు వ్యాన్ ఎక్కించినాను."

నేనూ లేచి రోడ్డు వైపు తొంగి చూశాను. వాన చప్పుడు రేకు మీద దడదడలాడుతోంది. రోడ్డు మలుపు దాకా కూడా కళ్ళానడం లేదు.

హన్నా మాత్రం ఆగలేదు. వాన కంటే గట్టిగా అందుకుంది.

"నీళ్ళంటే భయమా? నీళ్ళలో ఏముందే పిచ్చిదానా! నేను గోదారొడ్డు పిల్లని. బ్రిడ్జి కింద నీళ్ళు నా మెడదాకా ఉన్నాయి, స్కూటీ కనబడటం లేదు. ఇంకోళ్ళయితే వెనక్కి తిరుగుదురు. నేను కుక్కర్ మూత కాస్త వదులు చేశా. ఆవిరి బుస్సుమని వెనక్కి కొట్టింది చూడండీ, స్కూటీ మా నరసాపురం లాంచీలా నీళ్ళ మీద తేలి పరుగో పరుగు! పక్కన మునిగిన కార్లలోంచి జనం చేతులూపుతున్నారు. ఎదురుగా మా వ్యాన్. లోపల పిల్లలంతా కిటికీలకి ముక్కులానించి చూస్తున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది మేడమ్?" అన్నాడు శ్రావణ్. వాడి కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

"బట్టలారేసుకునే నైలాన్ తాడు నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది తమ్ముడూ. వ్యాన్‌కి ఓ కొస, స్కూటీకి ఓ కొస కట్టి లాగాను. పిల్లలు ఆకలంటున్నారు. లాగుతూనే కుక్కర్ తెరిచా. మల్లెపువ్వుల్లా ఉందన్నం. బ్యాగులో ఆవకాయుంది. ముద్దలు కలిపి వెనక్కి విసురుతుంటే పిల్లలు కిటికీల్లోంచి నోళ్ళతో అందుకున్నారు. వ్యాన్ నిండా పిల్లలు తిన్నారు, డ్రైవర్ తిన్నాడు, నెమలి తింది, ఇంటికెళ్ళాక మా ఆయన ఇమ్మానుయేలుకి కూడా పెట్టా. పైన మెట్రో రైలాపేసి మరీ చూశారండీ జనం. చప్పట్లే చప్పట్లు!"

"అంత మంది చూస్తే ఒక్కరన్నా వీడియో తీసుంటారే?" అన్నాను.

"అందరి ఫోన్లూ తడిసిపోయాయి కదండీ!"

"రైల్లో ఉన్నవాళ్ళవి కూడానా?"

"ఆనందభాష్పాలకండీ!" అంది హన్నా, ఏమాత్రం తడుముకోకుండా.

ఇంకోరోజైతే పొట్ట పట్టుకుని నవ్వేదాన్నే. కావ్య కూడా పెదవి కొంచెం కదిపింది. సరిగ్గా అప్పుడే సైరన్ వినిపించింది. కుక్కరుది కాదు, నిజం అంబులెన్స్. క్యాంపస్ లోపల్నుంచి వచ్చి, మా ముందు నీళ్ళు చిమ్ముకుంటూ తార్నాక వైపు వెళ్ళిపోయింది.

శ్రావణ్ స్టవ్ తగ్గించాడు, ఎందుకో. కావ్య రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. హన్నా నోరు తెరిచి మూసింది. ఆమె మాటకు తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు. లేచి నిలబడి, దాదాపు అరిచినట్టే చెప్పింది.

"అసలైంది ఇంకా చెప్పనే లేదు నేను! వ్యాన్‌ని లాక్కుంటూ వస్తున్నానా, వాన తగ్గదే! నాకు ఒళ్ళు మండిపోయింది. బండాపి, పైకి చూసి, మబ్బుని కసిరా. 'ఏమ్మా, నీకు పిల్లల్లేరా? బడి వదిలే వేళకా వచ్చేది? రెండు నెలలు మాడి చచ్చాం, అప్పుడేమైపోయావు? పిల్లలు ఇళ్ళు చేరాక కురువు, ఎవరొద్దన్నారు! ఆగు ముందు!' అన్నా. అనడమే ఆలస్యం, టక్కున ఆగిపోయింది! కుళాయి కట్టేసినట్టు! ఆ ఏడాదంతా మన క్యాంపస్‌లో పిల్లలు ఇంటికొచ్చాకే వాన పడింది. కావాలంటే ఎవర్నైనా అడగండి!"

కావ్య నోటిమీద నుంచి చేతులు తీసింది. హన్నా వైపు చూసింది. వెటకారం కాదు. నిజంగా అడిగింది.

"అయితే ఇప్పుడొకసారి కసరండక్కా. ఆగమని చెప్పండి."

హన్నా ఆకాశం వైపు చూసింది. చెప్పబోయింది. కసరడానికి కుడిచెయ్యి పైకెత్తింది. కొంగులోంచి బయటికొచ్చిన ఆ పిడికిలి విచ్చుకోగానే చేతిలోంచి ఏదో జారి, బల్ల మీద టంగుమని పడి, దొర్లి కావ్య ముందాగింది.

కుక్కర్ విజిల్.

కావ్య దాన్ని తీసి చూసింది. హన్నా అరచేతిలో దాని అచ్చు ఎర్రగా, గుండ్రంగా పడి ఉంది. ఎంతసేపట్నుంచి బిగించి పట్టుకుందో ఏమో.

"ఇదేనా అక్కా, అంబులెన్స్‌లా కూసింది?"

హన్నా కూలబడ్డట్టు కూర్చుంది.

"ఇది ఇవాల్టిది కావ్యా. బడి మొదటి రోజు కదా, వచ్చేసరికి వేడన్నం వండి పెట్టమన్నాడు మావాడు. ఆఫీసులో పర్మిషన్ అడిగి ముందొచ్చేసి బియ్యం కడిగి పెట్టా. విజిల్ పెట్టబోతుంటే టైము చూశా. వాడింకా రాలేదే అనుకున్నా. అంతే. చేతిలో ఇదుందని కూడా తెలీలేదు, వచ్చేశా."

"స్టవ్ కట్టేసినావా?" అన్నాను గాభరాగా.

"వెలిగించనే లేదండీ." కొంగుతో ముఖం తుడుచుకుంది. అదంతా వాన నీళ్ళేం కాదు. "నాకు స్కూటీ నడపడమే రాదు. భయంగా ఉంది కావ్యా. నువ్వు ఏడ్చేలా ఉంటే నేనూ మొదలెడితే ఇంక మనిద్దర్నీ ఎవరాపుతారని వాగుతూ కూర్చున్నా."

"మరి ఆ రెండో తరగతప్పుడు? వ్యాన్ ఎట్లొచ్చింది?" అంది కావ్య.

"నేనేం చెయ్యలేదు. ఇక్కడే నించున్నా. అదే వచ్చింది."

వాన కురుస్తూనే ఉంది. కావ్య బెంచీ మీద హన్నా పక్కకు జరిగి, ఆ విజిల్‌ని తిరిగి ఆమె అరచేతిలోనే పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి గట్టిగా మూసింది.

"అప్పుడు వాన ఆగింది గదా. ఆ తర్వాత ఏమైందక్కా?"

హన్నా ఆమె ముఖంలోకి చూసింది.

"ఆ తర్వాత... ఆ తర్వాత నెమలి దిగి వెళ్ళిపోయిందే."

"ఊ."

"వెళ్తూ వెళ్తూ, టిఫిన్ బాక్స్ కావాలంది. వాళ్ళ పిల్లలకి అన్నం పట్టుకెళ్తానని..."

"ఊ. ఇచ్చినారా?"

"ఇవ్వకుండా ఎలా ఉంటానే? వాళ్ళకీ బడి ఆ రోజే తెరిచారాయె. ఇచ్చి, మూత జాగ్రత్త, పారేసి రావద్దని మరీ మరీ చెప్పి..."

ఇద్దరి కళ్ళూ మలుపు మీదే ఉన్నాయి. నేనూ అటే చూస్తూ ఊ కొట్టాను. శ్రావణ్ కూడా ఊ కొట్టాడు. అలా ఆ నెమలి ఎంత దూరం వెళ్ళిందో, పిల్లలకు ఎన్ని ముద్దలు పెట్టిందో నాకు గుర్తు లేదు గానీ, మలుపులో రెండు పసుపుపచ్చ లైట్లు కనబడ్డప్పుడు హన్నా మాట మధ్యలోనే ఆగిపోయింది.

"మన వ్యానే!" అని అరిచాడు శ్రావణ్.

ఇద్దరూ చేతులు విడవకుండానే వానలోకి పరిగెత్తారు. గొడుగు బెంచీ కిందే ఉండిపోయింది. డ్రైవర్ దిగి, నీళ్ళు తగ్గేదాకా మిట్ట మీద ఆపుకున్నాననీ, ఫోను చార్జింగ్ అయిపోయిందనీ ఏదో చెప్తున్నాడు. హన్నా అతన్ని ఎడాపెడా తిడుతోంది, మధ్యలో దండం పెడుతోంది. మైత్రి నిద్రలో ఉంది. కావ్య దాన్ని భుజాన వేసుకుని, నడిరోడ్డు మీద నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

చివర్న శామ్యూల్ దిగాడు, బ్యాగు నెత్తిన పెట్టుకుని.

"అమ్మా, ఆకలేస్తోంది. అన్నం అయిందా?"

హన్నా వాణ్ణి దగ్గరికి లాక్కుని, తడిసిన తల మీద ముద్దు పెట్టుకుని, పిడికిలి తెరిచి చూపించింది.

"ఇంకా లేదురా. విజిల్ నా దగ్గరే ఉండిపోయింది."